కొత్త మిషనా, పాత మిషనా?
(విశ్రాంత ఉద్యోగుల సంఘం గోదావరిఖని సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 1981 నుంచి 2014 వరకు, 33 సంవత్సరాలు, ఏరియా వర్క్‌షాపులో లేతు మిషన్ల మధ్య గడిపినవాణ్ణి. అక్కడ ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. అందుకని నా గొంతు కొంచెం పెద్దదిగా ఉంటే మన్నించండి. ఇంట్లో కూడా ఇదే ఫిర్యాదు ఉంది.

కార్యదర్శి గారు నాకు ఫోను చేసి, "ఆరోగ్యం మీద డాక్టరు గారు మాట్లాడుతారు, పెన్షన్ మీద నేను మాట్లాడుతాను, మీరు మీకు తెలిసిన పని మీద మాట్లాడండి" అన్నారు. నాకు తెలిసిన పని ఇనుము. ఈ ఏడాదిలో మన సభ్యుల్లో నలుగురు వేరు వేరుగా నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మావాడు సీఎన్‌సీ రూటర్ పెడతానంటున్నాడు, కొత్తది కొనాలా, పాతది కొనాలా?" అని. అడిగిన నలుగురి దగ్గరా ఉన్న సొమ్ము కూడా ఒకటే. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్. ఆ డబ్బు రెండోసారి రాదు. కాబట్టి నలుగురికీ విడివిడిగా చెప్పేకన్నా అందరి ముందు చెప్పడమే మంచిదనుకున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచుకోకుండా చెబుతాను.

అసలు ఈ మిషన్ ఏమిటి?

తెలియనివారి కోసం రెండు మాటలు. మన వడ్రంగి ఉలి పట్టి సింహద్వారం మీద లతలు, ఏనుగులు, కలశం చెక్కుతాడు. మంచి పనివాడికి ఒక తలుపుకు వారం పడుతుంది. రూటర్‌లో ఉలికి బదులు వేగంగా తిరిగే బిట్టు ఉంటుంది. ఆ బిట్టును పొడవుకు, వెడల్పుకు, లోతుకు మూడు దిక్కుల్లో మోటార్లు నడిపిస్తాయి. ఎటు ఎంత కదలాలో కంప్యూటరులో వేసిన డిజైన్ చెబుతుంది. అంకెలతో యంత్రాన్ని నడిపించాలన్న ఈ ఆలోచన అమెరికాలో హెలికాప్టర్ రెక్కలు తయారుచేసే జాన్ పార్సన్స్ అనే ఆయనది. 1952లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీ సంస్థ అటువంటి మిల్లింగ్ మిషన్‌ను నడిపి చూపించింది. అప్పుడు కాగితం టేపుకు రంధ్రాలు పొడిచి ఆజ్ఞలిచ్చేవారు. ఇప్పుడు పెన్ డ్రైవ్ చాలు.

మన కరెంటు 50 సైకిళ్ళది. దానితో రెండు పోళ్ళ మోటారు నిమిషానికి 3,000 చుట్లకు మించి తిరగదు. రూటర్‌లో డ్రైవ్ అనే పెట్టె ఆ 50ని 400 సైకిళ్ళకు పెంచుతుంది. అందుకని స్పిండిల్ 24,000 చుట్లు తిరుగుతుంది. టేకు మీద నున్నటి పని రావడానికి ఆ వేగమే కారణం. ఈ డ్రైవ్, ఈ స్పిండిల్, మోటార్లను నడిపే కంట్రోలర్, ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. నా కథంతా వీటి చుట్టే తిరుగుతుంది.

నా మిత్రుని సంగతి

నాకొక మిత్రుడున్నాడు. పేరు చెప్పను, మీలో చాలామందికి తెలుసు. లాంప్ రూములో పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ దీపం ఇచ్చి, పైకి వచ్చాక లెక్కపెట్టుకొని తీసుకున్న మనిషి. ఒక్క దీపం తక్కువైనా ఇంటికి వెళ్ళేవాడు కాదు. 2018లో రిటైరయ్యాడు. పెద్దబిడ్డ పెళ్ళి అప్పు తీర్చి, ఇంటికి స్లాబు వేసుకోగా తొమ్మిది లక్షలు మిగిలాయి. కొడుకు వడ్రంగం పని నేర్చినవాడు, చిన్న దుకాణం ఉంది.

ఒకరోజు తండ్రీకొడుకులిద్దరూ మా ఇంటికి వచ్చారు. హైదరాబాదులో మాడ్యులర్ కిచెన్ పని చేసే ఒక కార్ఖానావారు తమ రూటర్ అమ్ముతున్నారట. నాలుగడుగులు ఎనిమిదడుగుల బల్ల. ధర రెండు లక్షల ఎనభై వేలు. అదే సైజు కొత్తదానికి ఆరు లక్షల నలభై వేలు చెప్పారు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే ఏడున్నర లక్షలు దాటుతుంది.

"అన్నా, నువ్వొచ్చి ఒక్కసారి చూసి సరే అంటే తీసుకుంట. నాకు మిషిన్ల సంగతి తెల్వది, నువ్వు తెలుసు" అన్నాడు.

ఆ మాటకు నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం. డయల్ గేజీ, మూలమట్టం, టార్చిలైటు సంచిలో వేసుకొని వెళ్ళాను. పూర్తిగా మూడు గంటలు చూశాను. బెడ్ వంగలేదు. పట్టాలు అరగలేదు. స్క్రూలో ఆట లేదు. స్పిండిల్ మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. బేరింగు చప్పుడు శుభ్రంగా ఉంది. అమ్మేవారు ఒక పూల డిజైన్ చెక్కి చూపించారు. బాగా వచ్చింది. "తీసుకో తమ్మీ" అన్నాను.

2019 జనవరిలో లారీలో వచ్చింది. లారీకి, క్రేనుకు ఇరవై రెండు వేలు. అయిదు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. పిల్లవాడికి పేరొచ్చింది. ఒక కాంట్రాక్టరు శ్రావణమాసంలో గృహప్రవేశాలున్న రెండు ఇళ్ళకు కలిపి తలుపులు, పూజగది పని ఇచ్చాడు. ఇరవై వేలు అడ్వాన్సు.

జూలై మొదటి వారంలో రాత్రి ఉరుములతో వాన పడింది. తెల్లారి మిషన్ స్విచ్ వేస్తే కంప్యూటరు లేవలేదు.

పిల్లవాడు ఫోను చేశాడు. "పెద్దనాయనా, కంప్యూటరే కదా, కొత్తది కొనుక్కుంటే సరిపోదా?" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. తీరా చూస్తే మిషన్‌ను నడిపే కార్డు పాత రకం కంప్యూటరులోనే పడుతుంది. ఇప్పుడొచ్చే కంప్యూటర్లలో దానికి చోటే లేదు. ఆ కార్డు కూడా దెబ్బతిన్నది. అందులో ఉన్న విండోస్ ఎక్స్‌పీని దాన్ని తయారుచేసినవారే 2014లో వదిలేశారు. డిజైన్ వేసుకునే ఆర్ట్‌క్యామ్ సాఫ్ట్‌వేరు లైసెన్సు లేని కాపీ. ఆ సాఫ్ట్‌వేరును కూడా ఆటోడెస్క్ సంస్థ 2018లో ఆపేసింది. ఒక్క మిల్లీమీటరు కదలడానికి మోటారుకు ఎన్ని పల్సులు ఇవ్వాలి, ఏ దిక్కుకు ఎంత వేగం, ఇటువంటి సెట్టింగులన్నీ చచ్చిపోయిన ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. ఎక్కడా రాసిపెట్టలేదు. అమ్మినవారికి ఫోను చేస్తే మొదటి మూడురోజులు "మనిషిని పంపిస్తాం" అన్నారు. నాలుగో రోజు నుంచి ఎత్తలేదు.

మిషన్ 43 రోజులు నిలిచిపోయింది. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు. కాంట్రాక్టరు మంచిర్యాలలో పని చేయించుకున్నాడు. అతను మళ్ళీ ఈ దుకాణానికి రాలేదు. చివరికి కరీంనగర్ నుంచి ఒక కుర్రవాడు వచ్చి పాత కార్డు పీకేసి, చేతిలో పట్టుకునే కొత్త కంట్రోలర్ పెట్టి, వైరింగు మార్చి నడిపించాడు. అరవై రెండు వేలు అయింది.

ఆ అరవై రెండు వేలు ఎక్కడివో నాకు తరువాత తెలిసింది. చిన్నబిడ్డ పెళ్ళికని బ్యాంకులో వేసిన డిపాజిట్‌ను గడువుకు ముందే తీసేశారు. ఈ మాట నాకు మిత్రుడు చెప్పలేదు. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు చెల్లె చాయ్ ఇస్తూ, నా మీద కోపంతో కాదు, మామూలుగా మాటల్లో అన్నది. మిత్రుడు ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

నేను ఎక్కడ తప్పు చేశాను? నాకు తెలిసిన ఇనుమునంతా చూశాను. నాకు తెలియనిదాన్ని చూడలేదు. తెలియదని చెప్పడానికి నామోషీ పడ్డాను. గనిలో గ్యాసు పరీక్ష చేయనిచోట "బాగానే ఉంది" అని రిజిస్టరులో రాయడం ఎటువంటిదో, నేను "తీసుకో తమ్మీ" అనడం అటువంటిది.

వయసు చూసి లెక్కకట్టవద్దు

అయితే దీన్నిబట్టి పాత మిషన్లన్నీ చెడ్డవని అనుకోకండి. మన ఊళ్ళోనే రెండు ఉదాహరణలున్నాయి. రామగుండం బి థర్మల్ కేంద్రం 62.5 మెగావాట్లది, 1971లో మొదలై 2024 వరకు, యాభై ఏళ్ళకు పైగా పనిచేసింది. అదే ఊళ్ళో మన బొగ్గుతో ఎరువు చేయాలని కట్టిన ఎఫ్‌సీఐ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. తరువాత ఆ చోట 2021లో ఎరువు మళ్ళీ తయారైంది కాని, పాత యంత్రాలను బాగుచేసి కాదు. గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారం కట్టారు. రెండూ పెద్ద యంత్రాలే. ఒకటి తాతలా బతికింది, ఒకటి పడుచుతనంలోనే పోయింది. కనుక యంత్రం పుట్టిన సంవత్సరం ఒక్కటే చూసి లాభం లేదు. ఎంత నడిచింది, ఎవరు నడిపారు, విడిభాగం ఇప్పటికీ దొరుకుతుందా, ఈ మూడూ చూడాలి.

మన ఓపెన్‌కాస్టులో డంపరుకు అవర్ మీటరు ఉంటుంది, లాగ్ బుక్కు ఉంటుంది. ఇన్ని గంటలకు ఈ పని చేశాము అని రాసి ఉంటుంది. కాలం తీరాక సర్వే ఆఫ్ చేస్తారు. చిన్న దుకాణాల్లోని రూటర్లకు లాగ్ బుక్కు ఉండటం అరుదు. అమ్మేవాడు "రోజుకు రెండు గంటలే నడిపాం" అంటాడు. పెళ్ళిసంబంధాల్లో అబ్బాయి గురించి చెప్పినట్టే ఉంటుంది. మనమే విచారించుకోవాలి.

పాతది చూడబోయేటప్పుడు

ఇప్పుడు నేను పాత మిషన్ చూడాల్సివస్తే ఏం చేస్తానో వరుసగా చెబుతాను. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి.

మొదట కంట్రోలర్ పెట్టె తెరిపిస్తాను. అందులో ఉన్న కార్డు ఇప్పుడు బజారులో దొరుకుతుందా? కంప్యూటరు మీద నడుస్తుందా, విడిగా చేతి పెట్టె ఉందా? కంప్యూటరు మీద నడిచేదైతే అది పోయిన మరుసటి రోజు ఏం చేయాలి? సెట్టింగులన్నీ నా కళ్ళ ముందే కాగితం మీద రాయించుకుంటాను, పెన్ డ్రైవ్‌లోకీ తీయించుకుంటాను. తాళపు మాట, అంటే పాస్‌వర్డు, ఉంటే తీసుకుంటాను. సాఫ్ట్‌వేరుకు లైసెన్సు కాగితం అడుగుతాను. లేకపోతే దాని విలువ సున్నా అని లెక్కవేసి ధర మాట్లాడతాను. ఆ ఆర్ట్‌క్యామే తరువాత కార్వెకో అనే పేరుతో మరో సంస్థ నుంచి వస్తోంది, కొనుక్కోవాలంటే ఆ ఖర్చు వేరు.

రెండోది, కొలత. బల్ల మీద ఒక పలక వేసి మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం గీయిస్తాను. రెండు కర్ణాలు కొలిస్తే రెండూ 1,414 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చాయంటే పైనున్న దూలం వంకరగా నడుస్తోందన్నమాట. అటువంటి మిషన్ మీద చెక్కిన తలుపు దర్వాజాలో కూర్చోదు. తరువాత డయల్ గేజీ ఆనించి పది మిల్లీమీటర్లు ముందుకు, పది వెనక్కు నడిపిస్తాను. ముల్లు మొదలుపెట్టిన చోటికే రావాలి.

మూడోది చాలా ముఖ్యం. చిన్న పువ్వు చెక్కి చూపిస్తే నమ్మను. మనమే డిజైన్ పట్టుకుపోయి, నాలుగైదు గంటల పని పెట్టించి, అయిపోయాక సున్నా దగ్గరికి రమ్మనాలి. సరిగ్గా అక్కడికే వచ్చిందా చూడాలి. ఎందుకో చెబుతాను. తక్కువ ధర మిషన్లలో స్టెప్పర్ మోటార్లుంటాయి. హాలేజ్ డ్రైవరు గంట విని తాడు వదులుతాడు. కింద టబ్బు పట్టా దిగిపోతే పైన ఉన్న ఆయనకు కనపడదు. స్టెప్పర్ మోటారూ అంతే. కంట్రోలర్ ఆజ్ఞ ఇస్తుంది, మోటారు నిజంగా కదిలిందా లేదా అని తిరిగి అడగదు. ఎక్కడో బరువు ఎక్కువై రెండు అడుగులు తప్పితే, అక్కడి నుంచి మిగతా డిజైనంతా పక్కకు జరుగుతుంది. అయిదు గంటల పని, ఖరీదైన టేకు పలక, రెండూ పోతాయి. సర్వో మోటారుకు వెనుక ఎన్‌కోడర్ ఉంటుంది. కదిలానని బదులు చెబుతుంది, తప్పితే ఆగిపోతుంది. ధర ఎక్కువే, కాని ఆ ఎక్కువ ఎందుకో తెలిసి ఇవ్వాలి.

నాలుగోది స్పిండిల్. అరగంట పూర్తి వేగంతో తిప్పి చేయి పెట్టి చూడాలి. నీటితో చల్లబడే రకమైతే పైపుల్లో తుప్పు, పాచి చూడాలి. బేరింగులు మార్చాల్సివస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి. మా మిత్రుడి మిషన్‌కు ఏడాది తిరగకుండానే మార్చాము, పద్నాలుగు వేలయింది. నేను స్క్రూడ్రైవరుతో విన్నప్పుడు బాగుందనే అన్నానని గుర్తుచేస్తున్నాను. చెవికి తెలిసేది ఈ రోజు సంగతి, రేపటిది కాదు.

అయిదోది, ఏ సరుకు కోసిందో అడగాలి. ఎండీఎఫ్ కోసిన మిషన్‌లో సన్నటి పొడి పట్టాల బ్లాకుల్లోకి దూరి గ్రీజుతో కలిసి సానపట్టే పేస్టులా తయారవుతుంది. ఒక బ్లాకు తుడిచి వేళ్ళ మధ్య నలిపి చూడండి. గరగరమంటే ధర తగ్గించమనండి, లేదా లేచి వచ్చేయండి.

కొత్తది కొనేవారికి

కొత్తది కొంటే నిశ్చింత అనుకోవడమూ పొరపాటే. మన దగ్గర కొత్తవని అమ్మే చిన్న రూటర్లలో చాలావరకు ఇక్కడ ఫ్రేము వెల్డింగు చేసి, బయటి దేశం నుంచి స్పిండిల్, పట్టాలు, కంట్రోలర్ తెప్పించి కూర్చినవే. తప్పేమీ లేదు. కాని కూర్చినవాడు ఎటువంటివాడు అన్నదే మనం కొనే అసలు సరుకు.

అందుకని ఇవి అడగండి. గ్యారంటీలో స్పిండిల్, డ్రైవ్, కంట్రోలర్ ఉన్నాయా, లేక ఇనుప ఫ్రేముకేనా? ఇనుప ఫ్రేముకు గ్యారంటీ ఇవ్వడం సముద్రానికి ఉప్పు గ్యారంటీ ఇచ్చినట్టు. మిషన్ ఆగితే మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడు, రానుపోను ఖర్చెవరిది? ఇదంతా నోటిమాటగా కాదు, కొటేషన్ కాగితం మీద రాయించాలి. శిక్షణ ఎన్ని రోజులు? రెండు రోజుల్లో స్విచ్చులు తెలుస్తాయి కాని పని రాదు. పిల్లవాణ్ణి ముందుగా ఎక్కడైనా నేర్చుకోమని పంపండి. హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి ప్రభుత్వ సంస్థల్లో ఇటువంటి శిక్షణలు ఉంటాయి. అన్నింటికన్నా ముఖ్యం, అదే మిషన్ కొని రెండేళ్ళయిన ముగ్గురి దుకాణాలకు మీరే వెళ్ళి, యజమానితో కాదు, నడిపే కుర్రవాడితో మాట్లాడండి.

బ్యాంకు సంగతి. కొత్త మిషన్‌కు కొటేషన్ ఉంటుంది, బిల్లు ఉంటుంది, కనుక బ్యాంకువారు మాట్లాడతారు. 2008 నుంచి ఉన్న పీఎంఈజీపీ, 2015లో వచ్చిన ముద్ర వంటి పథకాలు అడిగి చూడవచ్చు. పాత మిషన్‌కు అప్పు పుట్టడం కష్టం, చేతి డబ్బే పెట్టాలి. జీఎస్టీలో నమోదైన దుకాణమైతే కట్టిన 18 శాతం పన్నును తన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. నమోదు కాని చిన్న దుకాణానికి అది ఖర్చే.

లెక్క ఒకటి చూద్దాం

అయిదు లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 10,870 రూపాయల కిస్తీ. గంటకు మూడువందలు జాబ్ వర్కు తీసుకుంటూ, కరెంటుకు, బిట్లకు వంద పోతే రెండువందలు మిగులుతుందనుకోండి. అంటే నెలకు 55 గంటలు కేవలం కిస్తీ కోసమే మిషన్ నడవాలి. ఆ తరువాతి గంట నుంచి అద్దె, ఆ తరువాత పిల్లవాడి కూలి. అంత పని చేతిలో ఉందా?

ఇక పాతదాని లెక్క. మా మిత్రుడికి మిషన్ రెండు లక్షల ఎనభై వేలు, రవాణా ఇరవై రెండు, కంట్రోలర్ అరవై రెండు, వోల్టేజి స్టెబిలైజరు పద్దెనిమిది, ఎర్తింగు గుంత ఆరున్నర, బేరింగులు పద్నాలుగు. మొత్తం నాలుగు లక్షల రెండువేల అయిదువందలు. "ఇప్పటికీ కొత్తదానికన్నా మూడున్నర లక్షలు తక్కువే కదా" అని మీరనవచ్చు. నిజమే. కాగితం మీద పాతదే గెలిచింది. కాని పోయిన 43 రోజులు, తిరిగి రాని కాంట్రాక్టరు ఈ కాగితంలో లేవు. నేను పైసా తీసుకోకుండా పోయి చేసిన రోజులూ లేవు. నావంటి ముసలి మెకానిక్కు ఇంటి పక్కన లేనివాడికి ఈ లెక్క వేరేగా ఉంటుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇంట్లో మిషన్ విప్పి బిగించగలవాడు ఉండి, అది నెల రోజులు ఆగినా పొయ్యిలో పిల్లి లేవకుండా పడుకునే పరిస్థితి రాదనుకుంటే, పాతది కొనండి. కాని చెప్పిన ధరలో మూడోవంతు డబ్బు విడిగా చేతిలో ఉంచుకొని కొనండి. మూడు లక్షల మిషన్ అంటే నాలుగు లక్షల మిషన్ అనుకోవాలి. విప్పగలవాడు లేకుండా, తేదీ తప్పితే పోయే ఆర్డర్లు చేసేవారైతే కొత్తది కొనండి. పెద్దది వద్దు, హంగులు వద్దు, మనిషి పిలిస్తే వచ్చే చోట కొనండి.

ఈ రెంటికన్నా ముందు మూడోమాట. ఆరు నెలలు ఏదీ కొనకండి. పిల్లవాణ్ణి ఆర్డర్లు పట్టుకొని రమ్మనండి. ఆ డిజైన్లు ఇప్పటికే మిషన్ ఉన్నవాడి దగ్గర గంటల లెక్కన కోయించుకోమనండి. లాభం తక్కువే ఉంటుంది. కాని నెలకు ఎన్ని గంటల పని వస్తుందో నోటుబుక్కులో తేలుతుంది. పని ముందు, మిషన్ తరువాత. బొగ్గు ఉందని తేలాకే కదా మనవాళ్ళు గని తవ్వారు!

ధూళి సంగతి మనకు కొత్త కాదు

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కొత్తదైనా పాతదైనా ధూళి పీల్చే యంత్రం లేకుండా రూటర్ పెట్టవద్దు. కలప ధూళి మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని 1995లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రకటించింది. బొగ్గు ధూళిలాగే సన్నటి కలప పొడి కూడా గాలిలో లేచి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గనిలో సున్నపురాయి పొడి ఎందుకు చల్లేవాళ్ళమో మీకు నేను చెప్పనక్కరలేదు. ధూళి వల్ల ఊపిరితిత్తులు ఏమవుతాయో ఈ హాలులో కూర్చున్న కొందరి దగ్గు చెబుతుంది. మనం తిన్న ధూళి చాలు. మన పిల్లలు ఏసీ లేకపోయినా ఫరవాలేదు, ధూళి లేని దుకాణంలో పనిచేయాలి. అలాగే ఎర్తింగు. గనిలో ఎర్తింగు లేని మోటారు ముట్టుకోనివ్వనివాళ్ళం, కొడుకు దుకాణంలో మాత్రం ఎందుకు ఊరుకుంటాము? ఆ జూలై వానకు ముందే ఆరున్నర వేలు పెట్టి గుంత తీసి, స్టెబిలైజరు బిగించి ఉంటే ఆ కంప్యూటరు బతికేదేమో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

మా మిత్రుడి మిషన్ ఈ రోజుకూ నడుస్తోంది. పిల్లవాడు గోడకు ఒక రిజిస్టరు వేలాడదీశాడు. ఎన్ని గంటలు నడిచింది, ఎప్పుడు గ్రీజు పెట్టారు, ఎప్పుడు ఆగింది, ఎందుకాగింది, అన్నీ రాస్తాడు. సెట్టింగుల కాగితం లామినేషన్ చేయించి కంట్రోలర్ పెట్టె తలుపు లోపల అంటించాడు. చిన్నబిడ్డ పెళ్ళి మూడేళ్ళు ఆలస్యంగా అయినా బాగా జరిగింది. పెళ్ళిమండపం ముందు పెట్టిన పేర్ల పలక ఆ మిషన్ మీద చెక్కిందే. నా మిత్రుడు నా చేయి పట్టుకొని దాని దగ్గరికి తీసుకుపోయి, "అన్నా, నువ్వు చూసిన మిషిన్ మీద చేసిందే" అన్నాడు. నాకు మాట రాలేదు.

నా డయల్ గేజీ ఇంకా నా దగ్గరే ఉంది. మీలో ఎవరైనా మిషన్ చూడటానికి రమ్మంటే వస్తాను. ఫీజు లేదు, చాయ్ చాలు. కాని రెండు షరతులు. ఒకటి, అడ్వాన్సు ఇవ్వకముందు పిలవాలి, ఇచ్చాక కాదు. రెండు, నాతోపాటు ఎలక్ట్రానిక్స్ తెలిసిన కుర్రవాణ్ణి కూడా తీసుకురావాలి. నాకు తెలియనిది నాకు తెలియదని ఇప్పుడు సిగ్గుపడకుండా చెబుతున్నాను.